ఒక్క సాయంత్రం కోసం ఎంచిన పిల్లలు

ఒకే మనుషుల్ని చిన్నతనం నుంచి పెద్దతనం దాకా వెంట ఉండి తీసే డాక్యుమెంటరీల మాట వచ్చినప్పుడల్లా చర్చ ఒకచోట చిక్కుపడుతుంది. ఏడేళ్ల పిల్లవాడి తరఫున తల్లిదండ్రులో బడి పెద్దలో ‘సరే’ అన్నారు. ఆ ‘సరే’ అతనికి నలభై, అరవై ఏళ్లు వచ్చాక కూడా చెల్లుతుందా? చిక్కు ఇంతగా ముదరడానికి కారణం ఈ సినిమాల పుట్టుకలోనే ఉంది. వీటిలో అన్నిటికంటే పేరున్నదాన్ని జీవితకాలం తీయాలని మొదట్లో ఎవరూ అనుకోలేదు. ఒక అంతస్తుకు వేసిన పునాది మీద తొమ్మిది అంతస్తులు లేచాయి.

బ్రిటన్‌లో గ్రనాడా టెలివిజన్ 1964 మే 5న ‘వరల్డ్ ఇన్ యాక్షన్’ శీర్షిక కింద ‘సెవెన్ అప్!’ ప్రసారం చేసింది. నలుపు తెలుపుల్లో తీసిన చిన్న కార్యక్రమం. దర్శకుడు కెనడాకు చెందిన పాల్ ఆల్మండ్. 2000 నాటికి కంపెనీని నడిపే అధికారి, అక్కడి కార్మిక నాయకుడు ఇద్దరూ ఇప్పుడు ఏడేళ్ల పిల్లలేనని, వాళ్లను చూస్తే రేపటి ఇంగ్లండు కనబడుతుందని దాని వాదన. ఏ ఇంట్లో పుట్టామన్నది ఏడేళ్లకే బతుకుకు గీత గీసేస్తుందని చూపడం ఉద్దేశం. అందుకే పిల్లల్ని ఎక్కువగా రెండు కొసల నుంచి ఏరారు. ఒక వైపు లండన్‌లోని ఖరీదైన ప్రైవేటు బడి, మరో వైపు ఈస్ట్ ఎండ్ కార్మికవాడ, ధర్మ సంస్థ నడిపే పిల్లల హాస్టలు. వెతికే పని ఇద్దరు యువ పరిశోధకులకు అప్పజెప్పారు. వాళ్లలో ఒకడు మైకేల్ ఆప్టెడ్. చేతిలో ఉన్నది కొద్ది వారాలే. బడులకు వెళ్లి, టీచర్లు చూపించిన పిల్లలతో మాట్లాడి, బెరుకు లేకుండా నోరు విప్పే వాళ్లను తీసుకున్నారు.

ఒక్క సాయంత్రం ప్రసారానికి ఆ ఎంపిక సరిపోయేదే. కానీ 1970లో అదే పిల్లల దగ్గరికి మళ్లీ వెళ్దామన్న ఆలోచన వచ్చి, ఆప్టెడ్ దర్శకుడయ్యాడు. అక్కడి నుంచి 1977, 1984, 1991, 1998, 2005, 2012, 2019 అంటూ ఏడేళ్లకొకసారి సాగింది. మొదట ఎంచిన 14 మందిలో అమ్మాయిలు నలుగురే. తెల్లజాతి కాని నేపథ్యం ఉన్నవాడు ఒక్కడే. ఆ అర్ధశతాబ్దంలో బ్రిటన్‌లో వచ్చిన పెద్ద మార్పుల్లో ఒకటి ఆడవాళ్ల జీవితాల్లో, ఇంకొకటి వలసల వల్ల వచ్చింది. ఆ రెండింటినీ చూడాల్సిన చోటే సిరీస్‌కు కళ్లు తక్కువయ్యాయి. అమ్మాయిల్ని అంత తక్కువగా తీసుకోవడం తప్పేనని ఆప్టెడ్ తర్వాత చాలాసార్లు ఒప్పుకున్నాడు. అబ్బాయిల భార్యల్ని కూడా మాట్లాడించడం ద్వారా కొంత పూడ్చాలని చూశాడు. పూర్తిగా పూడలేదు. ఈ రకం సినిమాలో మొదటి ఎంపికను దిద్దే అవకాశమే లేదు. ఇరవై ఏళ్ల తర్వాత చేర్చిన మనిషికి ఏడేళ్లప్పటి ఫుటేజీ ఎక్కడి నుంచి తెస్తాం?

రెండో చిక్కు ప్రశ్నల్లో ఉంది. ఈస్ట్ ఎండ్‌కు చెందిన ఒక కుర్రాడికి 21 ఏళ్లు వచ్చినప్పుడు, వీడు ముందు ముందు నేరాల వైపు వెళ్తాడేమోనని దర్శకుడు మనసులో అనుకున్నాడు. తర్వాత పనికొస్తుందని ఆ పేట వీధుల్లో అతన్ని తిప్పుతూ దృశ్యాలు తీసిపెట్టుకున్నాడు. అతను జైలుకు పోలేదు. టాక్సీ డ్రైవరై, ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని పెంచాడు. ఆ పొరపాటునూ ఆప్టెడ్ దాచుకోలేదు. అలాగే, 21 ఏళ్ల వయసులో పెళ్లి గురించీ మగవాళ్ల గురించీ అడిగిన ప్రశ్నలు ఎదురుతిరిగాయి. తర్వాతి ఒక విడతలో ఒక మహిళ కెమెరా ముందే దర్శకుణ్ణి వాటి మీద నిలదీసింది. దాన్ని కత్తిరించకుండా ఉంచారు. నా దృష్టిలో ఈ సిరీస్ మొత్తంలో అతి విలువైన దృశ్యాల్లో అదొకటి.

కత్తిరింపు లెక్క కూడా చూడాలి. పదకొండు, పన్నెండు మందిని రెండు, రెండున్నర గంటల్లో చూపాలంటే ఒక్కొక్కరికి దక్కేది పది పన్నెండు నిమిషాలు. అందులో కొంత భాగం పాత విడతల ముక్కలే. విడత పెరిగేకొద్దీ చూపాల్సిన గతం పెరుగుతుంది, చోటు మాత్రం అంతే ఉంటుంది. చివరికి ఒక మనిషి బాల్యమంతా రెండు మూడు వాక్యాలకు కుదించుకుపోతుంది. ఏడేళ్లప్పుడు అనాలోచితంగా అన్న మాటొకటి యాభై ఏళ్ల పాటు అతని ముఖానికి అతుక్కుని ఉంటుంది. ప్రతి ఏడేళ్లకూ దాన్ని దేశమంతా మళ్లీ చూస్తుంది.

అందుకే కొందరు తప్పుకున్నారు. 28 ఏళ్ల విడతలో అప్పటి ప్రభుత్వాన్ని విమర్శించిన ఒక టీచరు మీద పత్రికలు విరుచుకుపడ్డాయి. అతను మళ్లీ 56 ఏళ్ల విడతలో గానీ కనబడలేదు. తన బ్యాండు గురించి నలుగురికీ తెలియాలన్నది కారణమని దాపరికం లేకుండానే చెప్పాడు. ఇంకొకరు 21 తర్వాత తిరిగి రానేలేదు. 2019 విడతలో పాల్గొన్నది 11 మంది. ఒకరు అప్పటికే మరణించారు. పాల్గొన్న ప్రతిసారీ డబ్బు ఇచ్చేవాళ్లమని, అవార్డుల సొమ్ములోనూ సమాన వాటా ఉండేదని ఆప్టెడ్ చెప్పేవాడు. అతను 2021 జనవరి 7న చనిపోయాడు.

వయసులో ఇంతకంటే పాతది, అంతగా పేరు వినబడనిది తూర్పు జర్మనీలో ఉంది. 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచిన కొద్ది రోజులకే విన్‌ఫ్రీడ్ యుంగె పోలండ్ సరిహద్దు దగ్గరి గోల్ట్‌సో అనే ఊళ్లో ఒకటో తరగతి పిల్లల్ని తీయడం మొదలుపెట్టాడు. ఆలోచన కార్ల్ గాస్‌ది, నిర్మాణం ప్రభుత్వ స్టూడియో డెఫాది. సోషలిస్టు తరం ఎలా ఎదుగుతుందో చూపాలన్నది లక్ష్యం కాబట్టి, వెంట ఉండటమన్నది మొదటి నుంచీ ఆలోచనలోనే ఉంది. ఎడిటరుగా భార్య బార్బరా తోడై, 18 మంది జీవితాలను 2007 దాకా లాక్కొచ్చారు. అక్కడ ఇబ్బంది వేరు. కొన్ని సంగతులు అడగడానికీ వీల్లేదు, చెప్పడానికీ వీల్లేదు. 1990లో ఆ దేశమే లేకుండా పోయింది. 1992లో యుంగె దంపతులు తమ చిత్రీకరణనే మళ్లీ తిరగేసి, ఆ రోజుల్లో ఆ సినిమాలు ఎలా తయారయ్యాయో ఒక పొడవైన సినిమాగా తీశారు. రాజ్యం మారినా మనుషులు మారకపోవడం వల్లే అది సాధ్యమైంది.

చెక్ దర్శకురాలు హెలెనా త్రెష్టీకోవా దారి మరొకటి. 1980లో కొత్తగా పెళ్లయిన ఆరు జంటలతో మొదలుపెట్టింది. ఏడేళ్ల గడువేదీ పెట్టుకోలేదు. ఏదైనా జరిగినప్పుడు కెమెరా వెళ్తుంది. జైలుకు వెళ్తూ వస్తూ ఉన్న ఒక కుర్రాణ్ణి 1989 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు తీసిన ఆమె సినిమాకు 2008లో యూరోపియన్ ఫిల్మ్ అవార్డు వచ్చింది. మధ్యలో అతను ఆమె ఇంట్లోనే దొంగతనం చేశాడు. చిత్రీకరణ ఆగలేదు. ఈ పద్ధతిలో సంఘటనలు చేజారవు, ఖర్చు మాత్రం ఎప్పటికి తేలుతుందో చెప్పలేం. ఏ చానెలూ ముగింపు తేదీ లేని బడ్జెట్‌కు సంతకం పెట్టదు.

ఇక ఫుటేజీని కాపాడుకోవడం. 16 ఎం.ఎం. ఫిల్ము 400 అడుగుల రీలు నడిచేది సుమారు 11 నిమిషాలు. అందుకే పాత విడతల్లో ప్రశ్నలు పొదుపుగా ఉంటాయి. ఎసిటేట్ ఫిల్మును వేడిలో, తేమలో ఉంచితే వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది. పాత కలర్ ప్రింట్లు ఎర్రబారతాయి. వీడియో క్యాసెట్లకు ప్లేయర్లు దొరకవు. డిజిటల్‌కు మారితే గండం గడిచిందనుకోవడం పొరపాటు. డిజిటల్ ఫైళ్లను దాచే ఎల్‌టీఓ అనే రకం టేపుల్లో 7వ తరం డ్రైవు వెనకటి రెండు తరాల టేపుల్ని చదువుతుంది, 8వ తరం డ్రైవు ఒక తరాన్నే చదువుతుంది. అంటే ప్రతి ఆరేడేళ్లకూ మొత్తం సరుకును కొత్త టేపులోకి ఎక్కించాలి. వాడని ముక్కల్ని పారేయడం అన్నిటికంటే పెద్ద నష్టం. ఇవాళ పనికిరాదని పక్కన పెట్టిన వంటింటి దృశ్యమే పద్నాలుగేళ్ల తర్వాత కావలసి వస్తుంది.

తెలుగు నేల మీద ఇంత దీర్ఘంగా సాగిన ప్రయత్నం సినిమా రంగంలో కంటే పరిశోధనలో కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల వెంట నడుస్తోంది. 2001–02లో పుట్టినవాళ్లు 2,000 మంది, 1994–95లో పుట్టినవాళ్లు 1,000 మంది. శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో, హైదరాబాద్ నగరంలో ఉన్నారు వాళ్లు. 2014లో రాష్ట్రం రెండైనా జాబితా ఒకటిగానే కొనసాగింది. అక్కడ పిల్లల పేర్లు, ఊళ్ల పేర్లు మార్చి రాస్తారు. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు, ముఖమే చిరునామా.

ఇప్పుడు ఇలాంటి పని తలపెట్టేవాళ్లు మొదటి ఒప్పందంలోనే కొన్ని సంగతులు రాసుకోవాలి. 18 నిండిన రోజున తల్లిదండ్రుల సంతకం చెల్లదని, మనిషి స్వయంగా మళ్లీ సంతకం పెడితేనే ముందుకు వెళ్తామని ఉండాలి. తప్పుకున్నవాళ్ల పాత ఫుటేజీ ఏమవుతుందో ముందే తేల్చాలి. దీన్ని ఖాళీగా వదిలేస్తే హక్కు నిర్మాణ సంస్థకే మిగులుతుంది. తుది కూర్పుకు ముందు వాళ్ల భాగం వాళ్లకు చూపాలి. తర్వాత వచ్చి చేరే భార్యాభర్తలకు, పిల్లలకు వేరే పత్రాలు ఉండాలి. మన దేశంలో ఇంకొకటి కూడా ఉంది. బాల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్ ప్రకారం, ఏదైనా కేసులో బాధితులుగానో సాక్షులుగానో నిందితులుగానో ఉన్న పిల్లల గుర్తింపును బయటపెట్టకూడదు. చిత్రీకరణ మధ్యలో అలాంటిది జరిగితే, అంతకు ముందెప్పుడో తీసిన ముఖం కూడా అడ్డంకే. ఆ పిల్లను వదిలేసి సినిమా నిలబడుతుందా లేదా అన్నది మొదటి రోజే ఆలోచించి, అందుకు తగ్గట్టు నలుగురైదుగురిని ఎక్కువగా ఎంచుకోవాలి.