హైస్కూల్లో ప్రోగ్రాములు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఏ బడికి బదిలీ అయినా మొదటి నెలలోనే "మేడం, కల్చరల్స్ మీరు చూసుకోండి" అంటారు. జెండా పండగ నుంచి ఫేర్‌వెల్ దాకా అన్నీ అందులోకే వస్తాయి. ఈ పని గురించి తోటి టీచర్లు, తల్లిదండ్రులు అనే మాటలు కొన్ని ఉన్నాయి. స్టాఫ్ రూములో జవాబు చెప్పబోయేలోపు బెల్లు కొట్టేస్తారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పదో తరగతి పిల్లల్ని వీటిలోకి లాగితే రిజల్ట్ పోతుంది.

ఇది ఎక్కువగా వినే మాట. పూర్తిగా అబద్ధమని అనను. వార్షికోత్సవం డాన్సులకని మూడు వారాలు క్లాసులు ఎగ్గొట్టించిన బళ్లు నేనూ చూశాను. అక్కడ తప్పు ప్రోగ్రాముది కాదు, టైం వేసుకోవడం రాకపోవడానిది. మా బడిలో పదో తరగతి వాళ్ల పెద్ద పనులన్నీ ఆగస్టు, సెప్టెంబరుల్లోనే. సంక్రాంతి తర్వాత వాళ్ల జోలికి పోను. ఫేర్‌వెల్ పని మొత్తం తొమ్మిదో తరగతి వాళ్లదే. ప్రాక్టీసు ఏదైనా ఆఖరి పీరియడులో, నాలుగైదు రోజులకు మించదు.

ఇంకో సంగతి. ఎనిమిదో తరగతి దాకా పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, కనుక్కుంటూ నేర్చుకోవాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) వచ్చినప్పుడు కళలు, ఆరోగ్య వ్యాయామ విద్య, పని విద్య, విలువల విద్య అని నాలుగింటికి గ్రేడ్లు వేయమన్నారు. వాటిని మనలో చాలామంది కుర్చీలో కూర్చొనే వేశాం. నేనూ వేశాను.

అపోహ: సెప్టెంబరు 5 అంటే ఆడపిల్లలు చీరలు కట్టుకొని రావడం, ఫొటోలు దిగడం.

వదిలేస్తే అంతే అవుతుంది. ఆ రోజు పిల్లలే టీచర్లయి బడి నడిపే స్వయం పరిపాలన దినోత్సవాన్ని గట్టిగా చేస్తే ఏడాదిలో దానికి మించిన ప్రోగ్రాము లేదని నా అభిప్రాయం. వారం ముందే పాఠాలు పంచేస్తాం. సబ్జెక్టు టీచరు దగ్గర కూర్చొని ఒక పేజీ ప్లాను రాసుకుంటేనే చాక్‌పీసు చేతికిస్తాం. పీరియడు ఇరవై నిమిషాలే. మొదటిసారి నలభై నిమిషాలు పెట్టి చేతులు కాల్చుకున్నాను. పదో నిమిషంలోనే పాపం ఆ "టీచర్ల"కు చెప్పడానికేమీ మిగల్లేదు, క్లాసు సంతయింది.

ఆ రోజుకు పిల్లల్లో హెచ్‌ఎం ఎవరన్నది ఫస్ట్ ర్యాంకు చూసి పెట్టం, ఎన్నిక పెడతాం. బ్యాలెట్ పేపరు, అట్టపెట్టె, వేలికి మార్కరు గీత, అన్నీ ఉంటాయి. నోటా కూడా పెట్టాం. మొదటి ఏడాది ఒక అభ్యర్థికి నోటా కంటే తక్కువ ఓట్లొచ్చాయి. వాడు రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. మరుసటి ఏడాది మాత్రం నిలబడి గెలిచాడు.

ఒకసారి, చదవడం సరిగా రాని తొమ్మిదో తరగతి అబ్బాయికి ఏ పాఠం ఇవ్వాలో తోచక బెల్లు, మధ్యాహ్న భోజనం అప్పగించాను. వాడు అందరికంటే ముందు ఆరో తరగతిని లైనులో నిలబెట్టాడు. ఎందుకురా అంటే, "పెద్దోళ్లు ముందు తింటే చిన్నోళ్లకు పప్పులో నీళ్లే మిగులుతున్నయ్ టీచర్" అన్నాడు. ఏళ్ల తరబడి ఆ వరండాలో నిలబడే మాకు అది కనబడలేదు. ఇప్పటికీ మా లైను అదే.

అపోహ: బాగా మాట్లాడేవాళ్లనే స్టేజీ ఎక్కించాలి, లేకపోతే గెస్టుల ముందు పరువు పోతుంది.

ఇలా చేసే ప్రతి బడిలోనూ ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆ పది ముఖాలే కనిపిస్తాయి. నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది. క్లాసుకో పేజీ. ప్రోగ్రాములో ఏ పని చేసినా పేరు పక్కన టిక్కు పెడతాను. జనవరి 26 అయ్యాక తిరగేసి, టిక్కు లేనివాళ్లను ఏరుతాను. అందరికీ పాటలూ ఉపన్యాసాలూ అక్కర్లేదు. టెంట్‌హౌస్ కుర్చీలు లెక్కపెట్టి దించుకోవాలి, మైక్ సెట్ చూసుకోవాలి, వంతులవారీగా పిల్లలకు నీళ్లు అందించాలి. కుర్చీల లెక్క తప్పితే టెంట్‌హౌస్ అతను డబ్బులు పట్టుకుంటాడు కాబట్టి అది ఉత్తుత్తి పని కాదని పిల్లలకూ తెలుసు.

గెస్టుల సంగతి అడక్కండి. ఒకాయన కోసం రెండు గంటలు పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టాం. అప్పటి నుంచి చెప్పిన టైముకే మొదలుపెట్టేద్దామంటాను. అన్నిసార్లూ నా మాట సాగదు.

అపోహ: బతుకమ్మ రోజు మగపిల్లలకు పనుండదు.

దసరా సెలవులకు ముందు రోజు వాళ్లను గోడల మీద కూర్చోబెడితే ఈలలే వేస్తారు. మా దగ్గర ముందురోజు సాయంత్రం గునుగు, తంగేడు కోసుకొచ్చేది వాళ్లే. గునుగు కట్టలు కట్టి, చివర్లు సమంగా కోసి, రంగులో ముంచి ఆరబెడతారు. పేర్చడం మాత్రం అమ్మాయిలు ముట్టుకోనివ్వరు.

అపోహ: డబ్బుల్లేకుండా ఏదీ కాదు.

101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఖర్చుల కోసం ప్రభుత్వమిచ్చే కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 50 వేలు. చాక్‌పీసుల నుంచి రిపేర్ల దాకా అందులోనే కాబట్టి దాన్ని నమ్ముకోలేం. అసలు ఖర్చంతా అద్దె డ్రెస్సులదీ డీజే బాక్సులదీ. ఒకసారి డ్రెస్సుకు తలా 300 తెమ్మన్నాం. బాగా ఆడే అమ్మాయికి సరిగ్గా ఆ వారమే జ్వరమొచ్చింది. జ్వరం కాదని తర్వాత వాళ్లమ్మ చెప్పింది. ఆ రోజుతో అద్దె డ్రెస్సులు ఆపేశాం. కోలాటానికి కర్రలు చాలు, నేర్పడానికి ఊళ్లో అమ్మమ్మలున్నారు.

అపోహ: టూరంటే బస్సు మాట్లాడుకోవడమే.

2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలినప్పుడు, బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు మన పిల్లలకంటే పెద్దవాళ్లు. నాగార్జునసాగర్ తీసుకెళ్లినప్పుడు నీళ్లలోకి దిగడం లేదని బస్సెక్కకముందే చెబుతాను. పదిహేను మందికో టీచరు, ఇద్దరిద్దరు జతలు, దిగినా ఎక్కినా పేరు పిలిచి లెక్క. ఇక పాఠమంటారా, లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూస్తే చాలు. లోయ మునిగేలోపు 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసినవి అక్కడున్నాయి.

అపోహ: ఆడపిల్లలు ఆటలకు రారు, ఇళ్లలో పంపరు.

కబడ్డీ అండర్-17 మండల సెలక్షన్లకు మాకు ఏడుగురు దొరక్క రెండేళ్లు టీమే పంపలేదు. మూడో ఏడు పీఈటీ మేడం, నేను ఇళ్లకు వెళ్లాం. ఆడొద్దని ఒక్కరూ అనలేదు. బడి వదిలాక వచ్చే బస్సు తప్పితే మళ్లీ చీకటి పడ్డాకే ఇంకోటి, అదీ వాళ్ల టెన్షన్. ప్రాక్టీసును ఆఖరి రెండు పీరియడ్లలోకి మార్చాం. మొదటి రోజే పదకొండు మంది వచ్చారు.