టాప్ మార్కులొచ్చినా గ్రూపు మాత్రం ఇంట్లోవాళ్లే చెబుతారు

ఏటా టెన్త్ రిజల్ట్స్ వచ్చిన మర్నాడు పేపర్లో హెడ్డింగ్ మారదు, ‘బాలికలదే పైచేయి’. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024లో అమ్మాయిలు 89.17 శాతం పాసైతే అబ్బాయిలు 84.32 శాతం, 2025లో అయితే 84.09, 78.31. మా గాజువాకలో ఆ రోజు స్వీట్లు పంచుతారు, ఫ్లెక్సీలు కడతారు, ఆడపిల్లల చదువుకి ఇంక ఢోకా లేదనుకుంటారు. నాకు అలా అనిపించదు. ఆ మార్కులు ఎలా వస్తున్నాయో, వచ్చాక ఏం జరుగుతోందో చూస్తే ఆడపిల్లని ఇలాగే పెంచాలన్న పాత పద్ధతే ఇంకా నడుస్తోందని తెలుస్తుంది. అది ఎక్కడ మొదలైందో చూడ్డానికి ఎక్కడికో పోనక్కర్లేదు, మన జిల్లాలోనే లెక్కలతో సహా దొరుకుతుంది.

1897లో అచ్చయిన కన్యాశుల్కం ముందుమాటలో గురజాడ ఆ లెక్క ఇచ్చారు. విశాఖ జిల్లాలో (విజయనగరం కూడా అప్పుడు ఈ జిల్లాలోదే) బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల జాబితాని విజయనగరం మహారాజు ఆనందగజపతి తీయించారు. మొత్తం 1034 తేలాయి. పెళ్లికూతుళ్లలో 99 మందికి ఐదేళ్లు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్క ఏడాది. అక్షరాలు దిద్దే వయసు కూడా రాని పిల్లలు వీళ్లు. ఆ నాటకంలో అగ్నిహోత్రావధాన్లు ఇల్లు గుర్తు తెచ్చుకోండి. కొడుకు వెంకటేశం ఇంగ్లీషు చదువుకని విజయనగరంలో ఉంటాడు, పెద్ద కూతురు బుచ్చమ్మ చిన్నతనంలోనే విధవై పుట్టింట్లో ఉంటుంది, చిన్నది సుబ్బిని డబ్బు తీసుకుని ఒక ముసలాడికి కట్టబెట్టాలని చూస్తారు. కొడుక్కి చదువు చెప్పించడానికి ఖర్చు పెట్టే ఇంట్లోనే కూతురికి రేటు కట్టారు, అందులో తప్పుందని ఆ తండ్రికి తోచను కూడా తోచలేదు.

ధవళేశ్వరంలో వీరేశలింగం బాలికల బడి పెట్టింది 1874లో. సరిగ్గా ఆ ఏడాదే పుట్టిన బండారు అచ్చమాంబకి మాత్రం ఏ బడీ అందలేదు, చిన్నప్పుడే పెళ్లి చేశారు, తన దగ్గరుండి చదువుకుంటున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని చదవడం, రాయడం నేర్చుకుంది. ఆమే తర్వాత గొప్ప స్త్రీల జీవితకథలతో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. తమ్ముడికి చెబుతున్న పాఠం పక్కన కూర్చుని విన్నదానికే అంత పని చేసిన మనిషి, తనకంటూ ఒక టీచరు ఉండుంటే ఇంకెంత చేసేదో అని తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది.

బడులు పెరిగినా షరతులు పోలేదు. ఆడపిల్లల పాఠాలు మగపిల్లలకన్నా తేలిగ్గా, ఇంటి పనికి పనికొచ్చేలా ఉండాలని చదువుల మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన 1882 నాటి హంటర్ కమిషనే చెప్పింది. కుట్లు, వంట, హోమ్ సైన్స్ అన్నీ అమ్మాయిల వైపుకి అలా వచ్చి చేరినవే. మా అమ్మ 1960లలో వన్‌టౌన్‌లో ఒక గర్ల్స్ హైస్కూల్లో చదివింది. ఆవిడకి లెక్కలంటే ప్రాణం, కానీ కాంపోజిట్ మ్యాథ్స్ (పై స్థాయి లెక్కలు) అడిగితే ‘నీకెందుకమ్మా, జనరల్ మ్యాథ్స్ తీసుకో, సరిపోతుంది’ అన్నారట. ఆ రోజుల్లో క్లాసులో కుట్టిన గుడ్డముక్క ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది. ఒక వరస గొలుసుకుట్టు, ఒక వరస కాడకుట్టు, కింద నాలుగు కాజాలు, మూలన ఎర్ర సిరాతో పదికి తొమ్మిది. లెక్కల నోటుబుక్కు ఒక్కటీ మిగల్లేదు. ఈ తేడాలు చూడ్డానికి 1962లో వేసిన హంసా మెహతా కమిటీ ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకే సిలబస్ ఉండాలంది, తర్వాత పదో తరగతి దాకా లెక్కలు, సైన్సు అందరికీ తప్పనిసరి అయ్యాయి, కానీ అప్పటికే అమ్మ చదువు అయిపోయింది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ మన ఆంధ్రా యూనివర్సిటీలోనే చదివారు. 1930లలో ఆవిడ సీటు కోసం వస్తే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. ఆవిడ పేపర్లో ప్రకటన వేయించి, చదువుకోవాలని ఉన్న అమ్మాయిలని పోగుచేసి హాస్టల్ తనే పెట్టుకున్నారు. నన్నడిగితే ఈ చరిత్ర మొత్తంలో అసలు ముడి అక్కడే ఉంది. చదవగలదా లేదా అని ఎవరూ అడగరు. ఎక్కడ ఉంటుంది, ఎవరితో వెళ్తుంది, చీకటి పడేలోగా వస్తుందా అనే అడుగుతారు.

నేను టెన్త్ చదివింది 1990లలో. పొద్దున్నే ఐదింటికి కుళాయి వచ్చేది, బిందెలు పట్టడం, వాకిట్లో ముగ్గెయ్యడం నా పనులు. అన్నయ్య ‘రాత్రి చదువుకున్నాడు, లేపకు’. సాయంత్రం లెక్కల ట్యూషన్ ఆరున్నరకి, కాబట్టి వాడు వెళ్లాడు, నేను వెళ్లలేదు. మార్కులు మాత్రం నాకే ఎక్కువొచ్చాయి, ఎందుకంటే బయటికి వెళ్లనివ్వకపోతే పుస్తకం తప్ప ఇంకేముంటుంది, పైగా ‘మార్కులు తగ్గాయా, సంబంధం చూసేస్తాం’ అన్న టెన్షన్ ఒకటి. అమ్మాయిలకి ఓపికెక్కువ, బుద్ధిగా చదువుతారు అంటుంటారే, ఆ బుద్ధిలో సగం ఈ భయమే. ఉత్త భయమనీ అనలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని తేలింది.

టెన్త్ తర్వాత గ్రూపు దగ్గరికొచ్చేసరికి ఇల్లు మళ్లీ గట్టిగా మాట్లాడుతుంది. అమ్మాయికి బైపీసీ అయితే బాగుంటుందనో, డిగ్రీ చేసి బీఈడీ చేస్తే టీచరుగా సెటిలవుతుందనో అంటారు. పిల్లల చదువుల మీద సర్వేలు చేసే అసర్ 2023లో 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల పల్లెల్లో 14-18 ఏళ్లవాళ్లని అడిగితే, ఇంటర్, ఆపై చదువుతున్నవాళ్లలో సైన్సు, లెక్కల గ్రూపులు తీసుకున్నవాళ్లు అబ్బాయిల్లో 36.3 శాతం, అమ్మాయిల్లో 28.1 శాతం. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్నవాళ్లు అబ్బాయిల్లో 43.7 శాతం, అమ్మాయిల్లో 19.8. ఐఐటీల్లో అయితే 2018 నుంచి అమ్మాయిల కోసం అదనంగా సీట్లు పెడితే తప్ప వాళ్ల వాటా ఐదో వంతుకి చేరలేదు.

మొన్న మా వీధిలో ఒక పిల్లకి టెన్త్‌లో 571 వచ్చాయి, లెక్కల్లో నూటికి నూరు. ఎంపీసీ తీసుకుంటానంది. వాళ్ల నాన్న చెడ్డవాడేం కాదు, కూతురి మార్కులు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషే. మద్దిలపాలెంలో మంచి కాలేజీ ఉందని నేను చెబితే అంతా విని, ‘సాయంత్రం క్లాసులు ఎన్నింటికి వదులుతారు మేడమ్?’ అన్నాడు. ఏడున్నరకి అన్నాను. ఆ పిల్ల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, అడ్మిషన్ ఫారం మడతపెట్టి పుస్తకంలో పెట్టుకుంది.