ఏ గ్రూపు తీసుకోవాలి? వైకల్యం ఉన్న విద్యార్థుల కెరీర్ సలహాల వెనుక కథ

పదో తరగతి ఫలితాలు రాగానే ప్రతి ఇంట్లో జరిగే గ్రూపు చర్చ, చూపులేని పిల్లల ఇళ్లలో చాలా త్వరగా ముగిసిపోతుంది. "ఆర్ట్స్ తీసుకో. బీఈడీ చేసి టీచరువి కావచ్చు, లేదంటే బ్యాంకు పరీక్షలు రాసుకో." చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు, వాళ్లు చూసిన దారులు అవే మరి.

వికలాంగులకు వృత్తి సలహా ఇచ్చే పని మన దేశంలో కాలేజీల కంటే ముందు కార్మిక శాఖ చేపట్టింది. 1968లో ముంబైలోనూ మన హైదరాబాద్‌లోనూ వృత్తి పునరావాస కేంద్రాలు తెరిచారు. ఎవరు ఏ పని చేయగలరో పరీక్షించి, శిక్షణ ఇచ్చి, ఉద్యోగం చూపించేవారు. ఆ రోజులకు అది పెద్ద అడుగే. అయితే వచ్చిన మనిషి దేనికి పనికొస్తాడన్న దగ్గరే ఆలోచన మొదలయ్యేది, అతనికి ఏం కావాలన్నది తర్వాతి మాట. 1977లో కేంద్రం 3 శాతం ఉద్యోగాలు కేటాయించినా, అవి కింది స్థాయి గ్రూప్ సి, డి పోస్టుల వరకే. చూపులేనివాళ్లు బ్రెయిలీలోనో, చెబితే రాసిపెట్టే స్క్రైబ్ సాయంతోనో సివిల్స్ రాయడానికి 1993లో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వాల్సి వచ్చింది.

1995లో వచ్చిన వికలాంగుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లు ఇచ్చింది. ఉద్యోగాల్లో కూడా 3 శాతం ఇచ్చింది కానీ, వికలాంగులు చేయగలరని ప్రభుత్వం "గుర్తించిన" పోస్టులకే. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ జాబితాలో లేని ఉద్యోగం గురించి ఏ లెక్చరరూ చెప్పడు, చెప్పని ఉద్యోగానికి ఎవరూ చదవరు, ఎవరూ చదవలేదు కాబట్టి ఆ పోస్టును గుర్తించే అవసరమూ కనిపించదు. పోస్టులు గుర్తించలేదన్న సాకుతో రిజర్వేషన్ ఆపడానికి వీల్లేదని చూపులేని సివిల్స్ అభ్యర్థి రవి ప్రకాశ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు 2010లో తేల్చింది. 2021 నాటికి జాబితాలో 3,566 పోస్టులు చేరాయి.

కింది మెట్టు మీద, అంటే చదువు దగ్గర, మాత్రం అదే అడ్డు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ ఇవ్వలేదు. కోర్టుకు వెళ్లి గెలిచి చదివాడు. ఐఐటీ కోచింగ్‌కూ రానివ్వకపోతే అమెరికాలో ఎంఐటీకి వెళ్లాడు, తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. ఈ విజయం చెప్పుకుని గర్వపడతాం, పడాలి కూడా. కానీ కోర్టు మెట్లెక్కే స్తోమత లేక ఇష్టంలేని గ్రూపులో చేరిపోయినవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు. అది నన్ను బాధిస్తుంది.

2016లో వచ్చిన కొత్త వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది, ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, ఉద్యోగాల్లో 4 శాతం ఇచ్చింది. ఆ తర్వాత తీర్పులు వేగంగా వచ్చాయి. వైకల్యం 40 శాతం దాటిందన్న ఒక్క కారణంతో ఎంబీబీఎస్ సీటు నిరాకరించకూడదని, ఆ విద్యార్థి కోర్సు చదవగలడా లేదా అన్నది వైకల్యాన్ని అంచనా వేసే బోర్డు పరిశీలించాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చూపులేనివాళ్లను న్యాయాధికారుల నియామకాలకు దూరం పెట్టకూడదని 2025 మార్చిలో తీర్పిచ్చింది. అంటే ఐదేళ్ల కిందట నిజాయితీగా ఇచ్చిన సలహా కూడా ఇవాళ తప్పుదారి పట్టించవచ్చు.

కాలేజీల్లో సమాన అవకాశాల సెల్‌లు పెట్టమని యూజీసీ చెబుతూనే ఉంది. పెట్టినచోట కూడా సర్టిఫికెట్లు, ఫీజు రాయితీ, స్క్రైబ్ ఏర్పాటుతోనే పని సరిపోతోంది. ప్లేస్‌మెంట్ సెల్ చివరి ఏడాదిలో గానీ పలకరించదు. వినికిడి లోపం ఉన్న పిల్లలకైతే సైన్ లాంగ్వేజ్ తెలిసిన మనిషే దొరకరు, ఇక సలహా మాటెక్కడిది?

నా దృష్టిలో మెంటర్ పని ఇంటర్ గ్రూపు ఎంచుకోకముందే మొదలవ్వాలి. తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో కోడింగ్ చేసే సీనియర్‌ను, వీల్‌చెయిర్‌లో కోర్టుకు వెళ్లే లాయర్‌ను పదో తరగతి పిల్లల ముందు కూర్చోబెట్టాలి. ల్యాబ్‌లో ఇబ్బంది ఎలా దాటారో, ఏ పరీక్షకు ఎంత అదనపు సమయం అడగాలో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అలా వచ్చినవాళ్లకు ప్రయాణ ఖర్చులు, గౌరవ వేతనం కాలేజీ బడ్జెట్‌లోనే పెట్టాలి.