డొమైన్ ఎవరి పేరు మీద ఉంది? అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటలో వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసు మాది. మన ఊళ్లో వంద గజాల ప్లాటు కొనాలన్నా ఈసీ తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు అడుగుతారు. అదే డొమైన్ (మీ సైట్ అడ్రస్ పేరు) దగ్గరికొచ్చేసరికి "అదంతా మా సైట్ చేసిన అబ్బాయి చూసుకుంటాడండీ" అంటారు.

అపోహ: డబ్బు కట్టేది నేనే కాబట్టి డొమైన్ నాదే.

డొమైన్ రికార్డులో రిజిస్ట్రెంట్ (నమోదు చేసుకున్నవాళ్లు) అన్న చోట ఎవరి పేరుందో వాళ్లదే. కూకట్‌పల్లిలో పచ్చళ్ల వ్యాపారం చేసే ఒకావిడ మా దగ్గరికొచ్చేసరికి ఆవిడ సైట్ ఆగిపోయి నెలన్నర దాటింది. సైట్ చేసిన కుర్రాడు డొమైన్‌ని తన అకౌంట్‌లోనే, తన పేరు మీదే తీసుకున్నాడు. మోసం చేద్దామని కాదు, మా ఫీల్డ్‌లో చాలామందికి ఉన్న బద్ధకం అది. తర్వాత ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్లాడు, నంబర్ మారింది, రెన్యువల్ మెయిల్స్ అతను తెరవని పాత ఇన్‌బాక్స్‌కి పోయాయి. ఆవిడ దగ్గర ఏటేటా పంపిన డబ్బుకి యూపీఐ స్క్రీన్‌షాట్లున్నాయి. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) వాళ్లు వాటిని లెక్కలోకి తీసుకోలేదు, అకౌంట్ ఉన్న మనిషే అడగాలన్నారు. అతని స్నేహితుడి ద్వారా పట్టుకుని, అసలు ఫీజుకి ఎన్నో రెట్లు కట్టించి వెనక్కి తెచ్చాం. "అయితే తమ్ముడూ, ఇన్నేళ్లూ నేను కట్టిందేంటి?" అని అడిగారు. "అద్దె కట్టారక్కా, అగ్రిమెంట్ మాత్రం అతని పేరు మీదుంది" అన్నాను.

ప్రైవసీ (యజమాని వివరాలు దాచే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే బయట వెతికినా పేరు కనిపించదు. లాగిన్ మీ చేతిలో ఉంటేనే తెలుస్తుంది.

అపోహ: ఒకసారి కొంటే జీవితాంతం మనదే.

డాట్ కామ్ అయినా డాట్ ఇన్ అయినా ఒక విడతలో గరిష్ఠంగా 10 ఏళ్లే. 'లైఫ్‌టైమ్ డొమైన్' అని ఎవరైనా అమ్మితే, ఏటా వాళ్లే కడతామని మాటిస్తున్నారన్నమాట. ఆ మాట ఎన్నాళ్లు నిలబడుతుందో మీరే లెక్కేసుకోండి.

అపోహ: గడువు దాటినా ఏం టెన్షన్ లేదు, చాలా టైముంటుంది.

డాట్ కామ్‌కి గడువు తర్వాత రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల వరకు మామూలు రెన్యువల్‌కి అవకాశం ఉండొచ్చు. అన్ని రోజులూ ఇవ్వాలని రూలేం లేదు, ఈలోపే వేలానికి పెట్టేవాళ్లూ ఉన్నారు. డిలీట్ చేశాక 30 రోజులు రిడెంప్షన్ (ఎక్కువ ఫీజు కట్టి విడిపించుకునే గడువు), పచ్చళ్ల అక్క కట్టిన ఫీజు అదే. ఆ తర్వాత 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు. అది కూడా అయిపోతే ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లది.

అపోహ: రిజిస్ట్రార్‌ని మార్చాలంటే పాతవాళ్లు ఒప్పుకోవాలి, సైట్ ఆగిపోతుంది.

లాక్ తీయించి, ఆథ్ కోడ్ (డొమైన్ మార్చడానికి ఇచ్చే పాస్‌వర్డ్ లాంటిది) తీసుకుని, కొత్తచోట ఇస్తే చాలు. మీరు అడిగిన 5 రోజుల్లోగా కోడ్ ఇవ్వాలన్నది ఐకాన్ (డాట్ కామ్ లాంటి డొమైన్లకు రూల్స్ పెట్టే అంతర్జాతీయ సంస్థ) నిబంధన. డాట్ కామ్‌కైతే మారాక గడువు ఇంకో ఏడాది పెరుగుతుంది. కొత్తగా తీసుకున్నవాటికీ, ఈమధ్యే మారినవాటికీ సాధారణంగా 60 రోజులు ఆగాలి. సైట్ ఆగేది ఎక్కడంటే, డీఎన్ఎస్ (సైట్, మెయిల్ ఏ సర్వర్‌లో ఉన్నాయో చెప్పే రికార్డులు) కూడా పాతవాళ్ల దగ్గరే ఉన్నప్పుడు. ముందు ఆ రికార్డులన్నీ కాపీ చేసుకోండి, ముఖ్యంగా మెయిల్‌కి సంబంధించిన ఎమ్ఎక్స్. అవి మర్చిపోతే సైట్ బాగానే తెరుచుకుంటుంది గానీ ఆర్డర్ మెయిల్స్ రావు. రెండ్రోజుల దాకా ఎవరూ గమనించరు.

అపోహ: పేరు ఖాళీగా ఉంది కాబట్టి తీసుకోవచ్చు.

ఖాళీగా ఉండటం వేరు, హక్కు ఉండటం వేరు. సత్యం ఇన్ఫోవే అనే ఇంటర్నెట్ కంపెనీ వారి సిఫీ పేరును పోలిన సిఫ్ఫీ కేసులో, డొమైన్ పేరుకి కూడా ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది.

ఈ ఆదివారం ఒక్కటి చూసుకోండి. డొమైన్ అకౌంట్‌కి ఇచ్చిన మెయిల్ అదే డొమైన్ మీదుందా? ఉంటే వెంటనే మార్చండి. డొమైన్ ఆగిన రోజు ఆ మెయిల్ కూడా ఆగుతుంది, పాస్‌వర్డ్ రీసెట్ లింకు వెళ్లేది అక్కడికే.