దీపానికీ వీపుకీ మధ్య ఆరు అంగుళాలు

ఖాళీగా పడి ఉన్న చేపల తొట్టిలో ఊసరవెల్లిని పెంచుకోవచ్చా అని ఒక పాఠకుడు అడిగారు. కూడదు. తొట్టి అడ్డంగా పొడుగు, ఊసరవెల్లికి కావలసింది నిలువు. నాలుగు పక్కలా గాజు ఉంటే లోపల గాలి ఆడదు, తడి ఆరదు. గాజులో కనబడే తన బింబాన్నే పోటీకి వచ్చిన ఇంకో ఊసరవెల్లి అనుకుని అది రోజంతా ఒళ్లు ఉబ్బించుకుని బుసకొడుతూ ఉంటుంది.

'తొండ ముదిరి ఊసరవెల్లి అయింది' అనే సామెత ఉంది కదా. తొండల కుటుంబమూ ఊసరవెల్లుల కుటుంబమూ నిజంగానే దగ్గరి చుట్టాలు. అయినా ఎంత ముదిరినా తొండ తొండే. పెంపకందారులను పక్కదారి పట్టించేది ఈ చుట్టరికమే. తొండ జాతి బల్లులకు సరిపోయే వెడల్పాటి పెట్టె, ఇసుక పరుపు, నీళ్ల గిన్నె దీనికీ సరిపోతాయని అనుకుంటారు. మూడూ తప్పే.

పెంపకంలో ఎక్కువగా కనిపించేవి రెండు జాతులు: యెమెన్, సౌదీ అరేబియాలకు చెందిన వీల్డ్, మడగాస్కర్‌కు చెందిన పాంథర్. ఎదిగిన మగదానికి 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తున్న జాలీ గూడు కావాలి. గూటికి ఒక్కటే. రెండు గూళ్లుంటే ఒకదానికొకటి కనబడకూడదు. గూడును బల్ల మీద పెట్టి, పై కొమ్మ మన కంటి మట్టం కంటే ఎత్తులో ఉండేలా చూడాలి. నెత్తి మీదుగా వచ్చే చెయ్యి దాని లెక్కలో గద్దే. ప్లాస్టిక్ దోమతెర వాడకండి, దీపం వేడికి కరుగుతుంది, మేతగా వేసిన చిమ్మెటలు కొరికి చిల్లులు పెడతాయి. అల్యూమినియం జాలీ నయం. గది గాలి బాగా పొడిగా ఉంటే మూడు పక్కలు పలకలతో మూసి, పైకప్పూ ముందు తలుపు అడుగు భాగమూ జాలీగా ఉంచితే చాలు. వేడెక్కిన గాలి పైనుంచి పోతుంటే కింది నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. అడవిలో పట్టి తెచ్చినవాటి జోలికి వెళ్లొద్దు. వాటి కడుపునిండా పరాన్నజీవులుంటాయి. పైగా దాదాపు ఊసరవెల్లి జాతులన్నీ వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో ఉన్నాయి.

ఇక అసలు విషయం. ఈ గూడును ఒక వాలులా ఊహించుకోవాలి. పైన వెలుగు, వేడి, యూవీ (అతినీలలోహిత కిరణాలు). కిందికి దిగేకొద్దీ నీడ, చల్లదనం, తేమ. ఊసరవెల్లికి ఒంట్లో వేడి పుట్టించుకునే ఏర్పాటు లేదు, కావలసిన చోటికి ఎక్కి దిగి సరిచూసుకుంటుంది. కొమ్మలన్నీ ఒకే ఎత్తులో కడితే ఆ అవకాశమే పోతుంది.

ఈ వాలు మొత్తంలో ప్రాణం నిలిచేది పై ఎనిమిది తొమ్మిది అంగుళాల్లోనే. చర్మంలో 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ అనే పదార్థం ఉంటుంది. సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల యూవీబీ (యూవీలో ఒక భాగం) తాకగానే దాని అణువులోని ఒక వలయం తెగి ప్రీవిటమిన్ డి3 తయారవుతుంది. ఇంతవరకు వెలుగు చేసిన పని. ఆ ప్రీవిటమిన్ మెలిక తిరిగి విటమిన్ డి3 కావడానికి వెలుగుతో పనిలేదు, వెచ్చదనం ఉండాలి. చల్లని చర్మంలో ఈ మార్పు నత్తనడక నడుస్తుంది. యూవీ ట్యూబును ఒక మూల, వేడి బల్బును ఇంకో మూల పెట్టే అమరిక అందుకే పనికిరాదు. రెండూ పక్కపక్కనే ఉండి, ఒకే కొమ్మ మీద పడాలి.

డి3 అక్కడి నుంచి కాలేయానికి, ఆ తర్వాత మూత్రపిండాలకు వెళ్లి రెండుసార్లు రూపం మార్చుకుంటే గానీ పనిలోకి దిగదు. దిగాక పేగుకు దాని ఆజ్ఞ ఒక్కటే: మేతలోని కాల్షియాన్ని లోపలికి లాగు. ఆ ఆజ్ఞ అందకపోతే మేత మీద ఎంత కాల్షియం పొడి చల్లినా విసర్జనలో పోతుంది. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు ఆగిపోతాయి కాబట్టి పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్ని కరిగించి ఆ లోటు పూడుస్తుంది. బయటికి కనిపించేది వంకరపోయిన మోచేతులు, మెత్తబడిన దవడ, విసిరినా పురుగు దాకా చేరని నాలుక. కొమ్మ బదులు తన కాలినే తాను పట్టుకుని వేలాడే దశకు వస్తే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాల్సిందే. వంగిన ఎముక మళ్లీ తిన్నగా కాదు.

ఎంత యూవీ కావాలి? వీల్డ్, పాంథర్ జాతులకు వీపు దగ్గర యూవీ సూచిక 3 ఉంటే చాలు. 6 శాతం యూవీబీ ఇచ్చే టీ5 హై అవుట్‌పుట్ ట్యూబు ఒక్కటి, రిఫ్లెక్టరుతో సహా జాలీ పైన పెడితే సుమారు 6 అంగుళాల కింద ఆ లెక్క వస్తుంది. గుర్తుంచుకోండి, 6 అంగుళాలు వీపు దాకా, కొమ్మ దాకా కాదు. ఎదిగిన మగ వీల్డ్ నెత్తిన ఉండే కిరీటాన్ని కలుపుకుంటే కొమ్మ మీద రెండు మూడు అంగుళాల ఎత్తు లేస్తుంది. కాబట్టి కొమ్మను 8, 9 అంగుళాల కింద కట్టాలి. కొమ్మనే 6 అంగుళాల్లో కట్టేస్తే కిరీటం కాలి నల్లబడుతుంది.

గుండ్రటి యూవీ బల్బు ఎందుకు వద్దంటానంటే, చిన్న దీపం నుంచి దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు కూలుతుంది. పొడవాటి ట్యూబుకు దగ్గరలో సుమారు సగానికే తగ్గుతుంది. మొదటిది గోడ, రెండోది మెట్లదారి. ఊసరవెల్లి దిగడానికి మెట్లు కావాలి. అది నిజంగానే లెక్క చూసుకుని దిగుతుంది కూడా. మేతలో విటమిన్ డి తక్కువైన పాంథర్ ఊసరవెల్లులు ఎక్కువ యూవీ ఉన్నచోట గడిపాయనీ, సరిపడా ఉన్నవి తప్పుకున్నాయనీ 2009లో అచ్చయిన ఒక పరిశోధన చూపింది. చర్మానికి ఇంకో కాపలా ఉంది. యూవీ ఎక్కువైతే మిగులు ప్రీవిటమిన్ లూమిస్టెరాల్, టాకిస్టెరాల్ అనే పనిచేయని రూపాల్లోకి మారిపోతుంది. నోటి ద్వారా ఇచ్చే డి3కి ఈ కాపలా లేదు. అందుకే రోజువారీ మేత మీద డి3 లేని కాల్షియం పొడి పలచగా, డి3 ఉన్న విటమిన్ల పొడి నెలకు రెండుసార్లే.

మామూలు కిటికీ గాజు యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, కిటికీ ఎండతో ఈ పని జరగదు. ట్యూబు పాతబడ్డా కంటికి తెలిసే వెలుగు అలాగే ఉంటుంది, యూవీబీ మాత్రం పడిపోతుంది. సూచిక కొలిచే మీటరు లేకపోతే ఏడాదికోసారి మార్చేయడమే.

వేడి సంగతి తేలిక. వీపు దగ్గర మగవాటికి 29, 30 డిగ్రీల సెల్సియస్, ఆడవాటికి, పిల్లలకు 27. కొమ్మ మీద ప్రోబు కట్టి కొలవాలి, గోడకు అంటించే థర్మామీటరు గోడ సంగతే చెబుతుంది. బల్బును జాలీ మీద ఆనించకుండా కాస్త పైకి ఎత్తి కట్టండి, ఇవి జాలీకి తలకిందులుగా వేలాడతాయి. దీపాలన్నీ టైమరుతో 12 గంటలు. రాత్రి కటిక చీకటి. ఎర్ర బల్బు కూడా వద్దు.

నీళ్ల విషయంలో బోల్తాపడేవారు ఎక్కువ. గిన్నెలో నిలిచిన నీరు ఊసరవెల్లి కంటికి సాధారణంగా నీరుగా ఆనదు. ఆకు మీద మెరుస్తూ జారే బొట్టునే అది నాకుతుంది. తెల్లవారుజామున దీపం వెలగక ముందు రెండు నిమిషాలు సన్నటి తుంపర, మధ్యాహ్నం పావుగంట సేపు సెకనుకో రెండు సెకన్లకో ఒక బొట్టు పడే డ్రిప్పర్. పగలు తేమ 30 నుంచి 50 శాతానికి దిగి ఆకులు పూర్తిగా ఆరాలి, రాత్రి 80 దాటాలి. రాత్రి గూడు 20 డిగ్రీల లోపు చల్లబడితేనే ఫాగరు (పొగమంచు వదిలే యంత్రం) వాడండి. వేడి, తడి, కదలని గాలి మూడూ కలిస్తే ఊపిరితిత్తుల జబ్బు ఖాయం. నోటి మూలల్లో నురగ, తల పైకెత్తి నోరు తెరిచి శ్వాస తీయడం దాని గుర్తులు. కారిన నీరు పోవడానికి గూటిని కాళ్ల మీద లేపి, చిల్లున్న పళ్లెం, కింద బకెట్టు. నేల మీద పరుపేదీ వద్దు, పురుగుతో పాటు నాలుకకు అంటుకున్న చెక్కపొట్టు పేగులో అడ్డం పడుతుంది.

మొక్కలు నిజమైనవే పెట్టండి: మనీప్లాంటు, మందార, గొడుగు మొక్క, ఫైకస్. వీల్డ్ ఆకులు తింటుంది కాబట్టి ప్లాస్టిక్ ఆకులు ప్రమాదం. నర్సరీ మందులు పోయేలా ఆకులు రెండు వైపులా కడిగి, కుండీ మట్టి మీద దాని నోట పట్టనంత పెద్ద గులకరాళ్లు పరచాలి. కొమ్మలు పెన్సిలు లావు నుంచి బొటనవేలు లావు దాకా రకరకాలుగా ఉండాలి. దాని పాదం రెండు, మూడు వేళ్ల కట్టలుగా చీలిన పట్టకారు, బిగించడానికి తగిన లావు కావాలి.

ఆడ వీల్డ్ మగతోడు లేకుండానే గుడ్లు పెడుతుంది. అడుగు వెడల్పు, అడుగు లోతు తొట్టిలో తడిపిన శుభ్రమైన ఇసుక ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, నీరు కారకూడదు. వేలితో సొరంగం తవ్వితే కూలకూడదు. అది తవ్వుతుండగా తొంగిచూస్తే మానేస్తుంది, గుడ్లు లోపలే చిక్కుకుని చనిపోవచ్చు. ముందు పక్కన గుడ్డ కప్పేయండి.

రంగు మార్చేది దాక్కోవడానికే అన్నది పిల్లల పుస్తకాలు కూడా వదలని అపోహ. 2015లో జెనీవా శాస్త్రవేత్తలు పాంథర్ చర్మంలో గ్వానీన్ అనే పదార్థపు నానోస్ఫటికాల మధ్య ఎడం పెరిగినప్పుడు రంగు మారుతోందని చూపారు. మారేది కోపానికి, జతకు, వేడికి. గూటి అమరికలో తేడా ఉంటే మీటర్ల కంటే ముందు చెప్పేది ఈ చర్మమే. పొద్దున్నే నల్లబడి, ఒళ్లు పలచగా చేసుకుని దీపం వైపు ఒక పక్క తిప్పితే ఎండ కాచుకుంటోంది. మధ్యాహ్నానికీ ఆ నలుపు పోకపోతే దీపం చాలడం లేదు, లేదా ఏదో భయపెడుతోంది. పాలిపోయి నోరు తెరిస్తే దీపం ఎక్కువైంది, కొమ్మను అంగుళం దించండి. పట్టపగలు కళ్లు మూసుకుందంటే మాత్రం గూటి సర్దుబాటుతో కాలయాపన చేయకుండా ఆ రోజే సరీసృపాలు తెలిసిన పశువైద్యుడికి చూపించండి.