పీసీఓఎస్: స్కానింగ్ రిపోర్టు చూసి బెదిరిపోకండి, నెలసరి ఆగితే ఊరుకోకండి

మొన్న ఒక తల్లి ఇంటర్ చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. కూర్చోకముందే స్కానింగ్ రిపోర్టు టేబుల్ మీద పెట్టి, "అండాశయంలో నీటి బుడగలు ఉన్నాయంట మేడమ్. ఆపరేషన్ చేయాలా? రేపు దీనికి పెళ్లి, పిల్లలు ఎలా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పిల్ల తలెత్తలేదు. రజస్వల అయి రెండేళ్లు దాటింది, అంతే. గైనకాలజిస్టుగా ఈ టెన్షన్ రోజూ చూస్తుంటాను. భయంలో సగం ఆ 'నీటి బుడగలు' అనే మాటలోనే ఉంది.

అపోహ: నీటి బుడగలంటే గడ్డలు, తీసేయాలి.

అవి గడ్డలు కావు. అండాశయంలో ప్రతి నెలా కొన్ని చిన్న సంచులు (ఫాలికిల్స్) ఎదగడం మొదలుపెడతాయి. వాటిలో ఒకటి పెద్దదై అండాన్ని వదులుతుంది. పీసీఓఎస్‌లో (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయ సమస్య) ఆ సంచులు 2 నుంచి 9 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. స్కానింగ్‌లో నల్లగా కనిపించేవి అవే. 1935లో చికాగోలో స్టీన్, లెవెంతాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు స్త్రీలలో ఈ సమస్యను వివరించారు. అప్పట్లో అండాశయంలో కొంత భాగం కోసి తీయడమే వైద్యం. ఇప్పుడు ఆ బుడగలు తీయించడానికి ఎవరూ ఆపరేషన్ దాకా వెళ్లక్కర్లేదు.

అపోహ: స్కానింగ్‌లో కనిపిస్తే పీసీఓఎస్ ఉన్నట్టే.

మేం చూసేవి మూడు. నెలసరి క్రమం తప్పడం ఒకటి. గడ్డం, పైపెదవి మీద వెంట్రుకలు, మొండి మొటిమలు, లేదా రక్తపరీక్షలో మగ హార్మోన్లు ఎక్కువగా ఉండటం రెండోది. స్కానింగ్ మూడోది. పెద్దవాళ్లలో వీటిలో రెండు ఉండాలి, థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు ఊరించే హార్మోన్) లాంటి ఇతర కారణాలు కావని తేలాలి. టీనేజ్ పిల్లల్లో మొదటి రెండూ ఉంటేనే ఆ మాట అంటాం. రజస్వల అయిన ఎనిమిదేళ్ల దాకా స్కానింగ్ ఆధారంగా పీసీఓఎస్ అని చెప్పకూడదని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి, ఎందుకంటే ఆ వయసులో మామూలు అండాశయాలు కూడా అలాగే కనిపిస్తాయి. ఆ ఇంటర్ పిల్లకి 40 రోజులకోసారి నెలసరి వస్తోంది. రెండేళ్లు దాటిన పిల్లకి అది మామూలే. వెంట్రుకలు లేవు, మొటిమలు లేవు. ఏ మందూ రాయకుండా పంపించాను.

అపోహ: లావుగా ఉన్నవాళ్లకే వస్తుంది.

పెళ్లి కుదిరిన ఒక అమ్మాయి వచ్చింది, సన్నగా ఉంది. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా ఉంది. వాళ్ల అమ్మ రోజూ నలుగుపిండి పెట్టి రుద్దుతోందట. చర్మం గీరుకుపోయి ఎర్రబడింది గానీ నలుపు పోలేదు. ఎలా పోతుంది? అది మురికి కాదు. శరీరంలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు క్లోమం దాన్ని ఇంకా ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ మెడ దగ్గర చర్మాన్ని నల్లబరుస్తుంది, అండాశయాల చేత మగ హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. పీసీఓఎస్‌కి వేరు చాలామందిలో ఇక్కడే ఉంది. అందుకే సన్నగా ఉన్నా సరే, నేను షుగర్ పరీక్ష రాస్తాను. పరగడుపు షుగర్ ఒక్కటే చూస్తే కొందరిలో దొరకదు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత కూడా చూడాలి. ఒకసారి బాగుందని వదిలేయకుండా, ఒకటి నుంచి మూడేళ్లకోసారి చేయించుకోవాలి.

అపోహ: అన్నం మానేస్తే తగ్గిపోతుంది.

అన్నం మానేసి, బెల్లం వేసిన రాగిజావ రోజుకు రెండు గ్లాసులు తాగి, బరువు తగ్గలేదేమని అడుగుతారు. పీసీఓఎస్‌కంటూ ప్రత్యేకమైన డైట్ ఏదీ లేదు. అన్నం కాస్త తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచండి. వారానికి కనీసం 150 నిమిషాలు, చెమట పట్టేలా నడవండి. 80 కిలోలున్నవాళ్లు నాలుగు కిలోలు తగ్గినా చాలామందిలో నెలసరి దారికొస్తుంది.

అపోహ: నెలసరి రాకపోతే చెడు రక్తం లోపలే పేరుకుపోతుంది.

రక్తమేదీ పేరుకుపోదు. కానీ అసలు ప్రమాదం వేరే ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తయారవదు. అది లేకపోతే గర్భాశయం లోపలి పొర మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే కొందరిలో క్యాన్సర్ దాకా వెళ్తుంది. "రాకపోతే హాయే కదా మేడమ్, ఆఫీసులో ఇబ్బంది లేదు" అని ఆరు నెలలు, ఏడాది గడిపేసి వచ్చేవాళ్లను చూస్తే నాకు గుండె జారిపోతుంది. మూడు నెలలు దాటితే, ముందు గర్భం లేదని పరీక్ష చేసుకుని డాక్టర్ దగ్గరకు రండి. కొద్ది రోజులు వేసుకునే మాత్రలతో ఆ పొరను బయటకు పంపేయొచ్చు.

అపోహ: హార్మోన్ మాత్రలు వాడితే ఇక పిల్లలు పుట్టరు.

తప్పు. ఆపేశాక నెలసరి మళ్లీ మునుపటిలాగే క్రమం తప్పుతుంది. మందు గర్భసంచిని పాడుచేసిందని అనుకునేది అందుకే.

అపోహ: పీసీఓఎస్ ఉంటే తల్లి కాలేరు.

చాలామంది మామూలుగానే తల్లులవుతున్నారు. పిల్లలు పుట్టరులే అని జాగ్రత్త తీసుకోక, అనుకోకుండా గర్భం వచ్చి కంగారుపడేవాళ్లూ ఉన్నారు. అండం విడుదల కానివాళ్లకు మొదట ఇచ్చే మందు లెట్రోజోల్. చీటీ చూసి "ఇది బ్రెస్ట్ క్యాన్సర్ మందు కదా" అని హడలిపోతారు. నిజమే, ఆ జబ్బుకీ వాడతారు. మన దేశంలో 2011లో సంతానలేమికి దీన్ని వాడకుండా నిషేధించారు, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. ఈలోగా, 2014లో అమెరికాలో 750 మంది పీసీఓఎస్ స్త్రీలపై జరిపిన పరిశోధన వెలువడింది. పాత మందు క్లోమిఫిన్ వాడినవాళ్లలో 19.1 శాతం మందికి బిడ్డ పుడితే, లెట్రోజోల్ వాడినవాళ్లలో 27.5 శాతం మందికి పుట్టారు.

అపోహ: పీసీఓడీ చిన్నది, పీసీఓఎస్ పెద్దది.

రెండూ ఒకటే. పేరు మారింది, అంతే.

అపోహ: పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి.

సర్దుకోవు. ఈ మాట విన్నప్పుడల్లా ఆ పిల్లల ముఖం వైపు చూస్తాను. కొందరు మాట్లాడుతున్నంతసేపూ గడ్డం మీద చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంటారు, వెంట్రుకలు కనిపించకూడదని. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో డిప్రెషన్, ఆందోళన ఎక్కువ. అందుకే నిద్ర పడుతోందా, మనసు ఎలా ఉందని తప్పకుండా అడుగుతాను. థ్రెడింగ్, వాక్సింగ్ వల్ల వెంట్రుకలు ముదురుతాయన్నది కూడా నిజం కాదు, నిశ్చింతగా చేయించుకోవచ్చు. వెంట్రుకలు తగ్గడానికి ఇచ్చే మందుల ఫలితం కనిపించడానికి ఆరు నెలలైనా పడుతుంది, నెలకే ఆపేయకండి.

ఈసారి డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు స్కానింగ్ కవరు మరిచిపోయినా ఫర్వాలేదు. ఇంట్లో పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే క్యాలెండర్ ఉంటుంది కదా, దాని మీద నెలసరి మొదలైన రోజుకి ఒక సున్నా చుట్టండి. ఆరు నెలల సున్నాలు ఫోన్‌లో ఫొటో తీసి తెచ్చి చూపించండి.