పాత తోట ట్రాక్టర్లు: అపోహలు - వాస్తవాలు (ఇంజన్ తర్వాత చూద్దురుగానీ, ముందు రేకు చూడండి)

"స్టార్ట్ అవుతుందా అన్నా?" ఏ పాత ట్రాక్టర్ ఫొటో పెట్టినా కింద వచ్చే మొదటి ప్రశ్న ఇదే. నేనుండేది కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో, ఇక్కడి నారింజ, పీచ్, వాల్‌నట్ తోటల్లో మూలన పడిపోయిన పాత ఆర్చర్డ్ ట్రాక్టర్లు వెతికి పట్టుకుని బాగుచేయడం నా పని. స్టార్ట్ అవుతుందా లేదా అన్నది నేను చివర్లో చూసే సంగతి, ఎందుకో కింద చెప్తాను. ఈ మధ్య మనవాళ్లు కూడా కొంతమంది ఇక్కడ ఐదెకరాలో పదెకరాలో తోట కొనుక్కుని, దాంతోపాటు షెడ్డు వెనకాల తుప్పుపట్టిన బండి ఏదో ఉందని మెసేజ్‌లు పెడుతున్నారు, అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒక్కసారే రాసేస్తున్నా.

అపోహ: ఆర్చర్డ్ ట్రాక్టర్ అంటే చిన్న ట్రాక్టర్.

కాదు. పొట్టిగా కనపడుతుంది అంతే. జాన్ డీర్ కంపెనీ తోట మోడల్ ఏఓలో ఉన్నది వాళ్ల పొలం ట్రాక్టర్ మోడల్ ఏ ఇంజనే, అదే బలం. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ఓ-4, ఓ-6, కేస్ కంపెనీ డీఓ, వీఏఓ ఇవన్నీ మామూలు పొలం ట్రాక్టర్లకి తోట వేషం వేసినవే. బత్తాయి తోటలో దున్నినవాళ్లకి ఇది ఎందుకో చెప్పక్కర్లేదు, వంగిన కొమ్మలు సైలెన్సర్‌కి తగులుతాయి, టైరు లగ్గుల్లో ఇరుక్కుని కాయలతో సహా విరిగి వస్తాయి, డ్రైవర్ మొహానికి కొడతాయి. అందుకని సైలెన్సర్, గాలి పైపు పైకి లేకుండా కిందకి దించారు, సీటు దించారు, వెనక చక్రాలు పూర్తిగా కప్పేసేలా పెద్ద మడ్‌గార్డులు పెట్టారు, స్టీరింగ్ ముందు వంపు తిరిగిన రేకు పెట్టారు, కొమ్మ దానిమీద జారి వెనక్కి పోతుంది. వైన్‌యార్డ్ ట్రాక్టర్ వేరే సంగతి, అది ద్రాక్ష సాళ్ల మధ్య పట్టేలా వెడల్పు తగ్గించిన బండి. అమ్మేవాళ్లు రెండూ కలిపేసి రాస్తారు, ధరలో మాత్రం చాలా తేడా ఉంటుంది.

అపోహ: పెద్ద మడ్‌గార్డులు ఉంటే ఒరిజినల్ ఆర్చర్డ్, లేకపోతే పార్టులు ఊడిపోయిన బండి.

రెండు వైపులా తప్పే. ఇంటర్నేషనల్ ఓఎస్-4 అని ఒక మోడల్ ఉంది, అది ఫ్యాక్టరీ నుంచే పెద్ద మడ్‌గార్డులు లేకుండా వచ్చింది, సైలెన్సర్, గాలి పైపు మాత్రం కిందకి ఉంటాయి. దాన్ని చూసి "రేకులన్నీ పోయిన ఓ-4" అని చవగ్గా ఇచ్చేసేవాళ్లున్నారు, పాపం. ఇటు ఇంకో రకం, మామూలు డబ్ల్యూ-4కి ఎవరో షెడ్డులో రేకులు వంచి తగిలించి ఓ-4 అని అమ్మేవాళ్లు. అందుకే సీరియల్ ప్లేటు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. డీర్‌లో మామూలు ఏఆర్, తోట ఏఓ రెండూ 2,50,000తో మొదలయ్యే ఒకే సీరియల్ వరసలో నడిచాయి, వాటి చిన్న తమ్ముళ్లు బీఆర్, బీఓ 3,25,000తో మొదలయ్యే ఇంకో వరసలో, అంటే నంబర్ ఒక్కటే చూస్తే మామూలుదో తోటదో తెలియదు, ఫ్యాక్టరీ రికార్డు తెప్పించుకోవాలి, డీర్ ఆర్కైవ్స్ వాళ్లు ఫీజు తీసుకుని ఇస్తారు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ పాత కాగితాలు చాలావరకు మాడిసన్‌లోని విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి.

ఖరీదైన రకాల దగ్గర ఇది ఇంకా ముఖ్యం. 1937-40 మధ్య వచ్చిన స్ట్రీమ్‌లైన్డ్ (కొమ్మలు జారిపోయేలా నున్నటి రేకులు తొడిగిన) ఏఓలు మొత్తం కలిపి వెయ్యిలోపే. ఇక లిండెమన్ అయితే దాని కథే వేరు, వాషింగ్టన్ రాష్ట్రం యాకిమాలో జెస్సీ లిండెమన్ అన్నదమ్ముల కంపెనీ, డీర్ వాళ్లు చక్రాల్లేని బీఓలు అక్కడికి పంపితే వీళ్లు యుద్ధ ట్యాంకుకి ఉండేలాంటి ఉక్కు ట్రాక్‌లు తగిలించి కొండవాలు ఆపిల్ తోటలకి సరిపడా క్రాలర్లు చేసేవాళ్లు. 1943-47 మధ్య పదిహేడు వందల లోపే తయారయ్యాయి, ఆ పనితనం నచ్చి డీర్ ఏకంగా ఆ కంపెనీనే కొనేసింది. బీఓకి వేరే ట్రాక్‌లు తొడిగి లిండెమన్ అంటే నమ్మేయకండి.

అపోహ: ఇంజన్ నడుస్తుంటే మంచి బేరం.

నా పోస్టు మొత్తం దీనికోసమే. ఓ-4లో ఉండేది సీ-152 ఇంజన్, అదే కంపెనీ పొలం ట్రాక్టర్ ఫార్మాల్ హెచ్‌లోనూ అదే. ఫార్మాల్ హెచ్‌లు 3,90,000 పైన తయారయ్యాయి, అంటే పిస్టన్లు, లైనర్లు, వాల్వులు, గాస్కెట్లు ఇవాళ ఆర్డర్ పెడితే ఇంటికొస్తాయి, చేతకాకపోతే చేసిపెట్టే మెకానిక్కులు ఊరికొకళ్లు ఉన్నారు. కానీ ఓ-4 మడ్‌గార్డు? స్టీరింగ్ ముందు ఉండే ఆ వంపు రేకు? సైలెన్సర్ కిందకి దించే ఆ మ్యానిఫోల్డ్? అవి ఒరిజినల్ దొరకాలంటే ఏళ్లు పడుతుంది, కొత్తగా చేయించాలంటే ఇంగ్లీష్ వీల్ (రేకుని వంపులు తిప్పే యంత్రం) మీద చెయ్యి తిరిగిన రేకుపనివాడు కావాలి, వాడి బిల్లు ఇంజన్ మొత్తం ఓవర్‌హాల్ చేయించినా అవనంత అవుతుంది. అందుకే నా లెక్క తిరగేసి ఉంటుంది: ఇంజన్ పట్టేసి (తిరగకుండా బిగుసుకుపోయి) రేకులన్నీ ఉన్న బండి తీసుకుంటా, గడియారంలా నడుస్తూ రేకుల్లేని బండి వదిలేస్తా.

రేకు చూడ్డం ఎలాగంటే, పైనుంచి కాదు. టార్చ్ పట్టుకుని వెనక మడ్‌గార్డు లోపలికి దూరండి. పైభాగం, ముందు అంచు మడత దగ్గర డెబ్భై ఎనభై ఏళ్ల ఆకులు, మట్టి, ఎలుకలు తెచ్చిపెట్టిన వాల్‌నట్ తొక్కలు గట్టిగా దట్టించుకుపోయి ఉంటాయి, ఆ ముద్ద తడి పట్టుకుంటుంది, రేకు బయట బాగానే ఉన్నట్టుంటుంది గానీ లోపల్నుంచి అప్పడం అయిపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడుతూ పోండి, ఖంగుమంటే రేకు ఉంది, మొద్దుగా తప్పుమంటే అక్కడ తుప్పో పుట్టీయో. అయస్కాంతం జేబులో పెట్టుకుంటే పుట్టీ ఎక్కడుందో ఇంకా తొందరగా తెలిసిపోతుంది. బానెట్ కింద ఎలుక గూళ్లు కూడా చూడండి, ఎలుక మూత్రం అల్యూమినియం, పోత ముక్కల్ని దారుణంగా తినేస్తుంది.

అపోహ: ఇంజన్ పట్టేస్తే తుక్కుకే.

తోటల్లో దొరికేవాటిలో చాలావరకు పట్టేసే ఉంటాయి, ఎందుకంటే సైలెన్సర్ మూతి తెరిచే వదిలేస్తారు, ఏదో ఒక సిలిండర్‌లోకి నీళ్లు దిగుతాయి. ప్లగ్గులు తీసి, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే నూనె), అసిటోన్ సగం సగం కలిపి పోసి మర్చిపోండి (అసిటోన్‌తో నిప్పు దగ్గర ఆటలొద్దు, షెడ్డు తలుపులు తీసే ఉంచండి). రోజులు, ఒక్కోసారి వారాలు. మధ్యమధ్యలో మళ్లీ పోస్తూ, గేర్‌లో పెట్టి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపాలి, డీర్‌కైతే ఫ్లైవీల్ పట్టుకుని ఊపాలి. వెంట్రుక వాసి కదిలినా గెలిచినట్టే. ఇంకో ట్రాక్టర్‌కి గొలుసు కట్టి లాగి విడిపించడం మాత్రం వద్దు. పిస్టన్ విడిచినా వాల్వులు గైడుల్లో పట్టేసి ఉంటాయి, ఒక్క చుట్టు తిరిగేసరికి వాల్వుల్ని కదిలించే పుష్‌రాడ్లు వంగిపోతాయి. ముందు వాల్వ్ కవర్ తీసి ఒక్కో వాల్వ్ దిగి లేస్తుందో లేదో చూసుకోండి.

గేర్‌బాక్స్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. గేర్ రాడ్ రబ్బరు ఏనాడో పోయి ఉంటుంది, ఎన్ని వానాకాలాల నీళ్లు దిగాయో దేవుడికే ఎరుక. డ్రెయిన్ ప్లగ్గు ఒక్కసారే పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు వదులు చేయండి, నూనెకంటే నీళ్లు బరువు కాబట్టి ముందు నీళ్లు కారతాయి, తర్వాత తెల్లగా మజ్జిగలాంటి నూనె, ఆ తర్వాత నల్లగా. నీళ్లు ఎంతసేపటికీ ఆగకపోతే బేరం మళ్లీ మొదలుపెట్టొచ్చు.

అపోహ: 6 వోల్ట్ సెల్ఫ్‌కి బలం లేదు, 12కి మార్చేయాలి.

ఫ్యాక్టరీ నుంచి 6 వోల్ట్‌తోనే చలికాలం కూడా నడిచిన బండ్లు ఇవి. జరిగేదేంటంటే, పాత కేబుల్ పోయినప్పుడు ఎవరో కారు షాపుకెళ్లి సన్న 12 వోల్ట్ కేబుల్ తెచ్చి వేస్తారు. అదే పవర్ 6 వోల్ట్ మీద రావాలంటే కరెంట్ రెట్టింపు పారాలి, సన్న తీగలో సగం దారిలోనే పోతుంది. లావు కేబుల్ వేసి, ఎర్త్ పడే చోట పెయింట్ గీకి మెరిసేదాకా శుభ్రం చేస్తే చాలు. ఇంకోటి, ఈ బండ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్, అంటే బాడీకి కలిపేది బ్యాటరీ ప్లస్ వైపు, బ్యాటరీ కలిపేముందు చూసుకోండి.

అపోహ: పాత ఇంజన్ కదా, లెడ్ ఉన్న పెట్రోలే కావాలి.

లెడ్ కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది 1923లోనే అయినా, ఈ ట్రాక్టర్లు దాన్ని నమ్ముకుని డిజైన్ చేసినవి కావు. చాలావాటికి రెండు ట్యాంకులు, చిన్నదాంట్లో పెట్రోలు పోసి స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కో, అలాంటిదే అయిన చవక ఇంధనం డిస్టిలేట్‌కో మార్చేవాళ్లు, కంప్రెషన్ అంత తక్కువ. రోజూ లోడు మీద పొలం దున్నితే వాల్వ్ సీట్ల గురించి ఆలోచించాలి గానీ మనం ఊరేగింపుకి తిప్పేదానికి కాదు. అసలు తంటా ఇప్పటి పెట్రోల్లో ఉండే ఇథనాల్‌తో. పాత కార్బురేటర్ ఫ్లోట్ బెండుతో చేసి పైన లక్క పూసింది, ఇథనాల్ ఆ లక్కని కరిగిస్తుంది, బెండు పెట్రోలు పీల్చి మునుగుతుంది, కార్బురేటర్ పొంగి కారుతుంది. ఇథనాల్ లేని పెట్రోలు దొరికితే అది పోయండి, లేకపోతే ఫ్లోటన్నా మార్చుకోండి.

అపోహ: జాన్ డీర్ ఏఓకి వాటర్ పంపు ఎవరో పీకేశారు.

మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు పల్నాడులో ఎన్నో ఏళ్లు 1035 తోలిన మనిషి (మన టాఫే 1035 మూలాలు ఇక్కడి తోటల్లో తిరిగే ఎంఎఫ్ (మాసీ ఫెర్గూసన్) 35లోనే ఉన్నాయి, అందుకే ఆయనకి ఇక్కడ సగం బండ్లు చుట్టాల్లా అనిపిస్తాయి). ఆయన ఏఓ చుట్టూ రెండుసార్లు తిరిగి, "అబ్బాయ్, పంపు లేని బండి అంటగట్టారు నీకు" అన్నారు. "లేదు బాబాయ్ గారూ, కంపెనీవాళ్లే పెట్టలేదు" అంటే నమ్మలేదు. థర్మోసైఫన్ అది, వేడెక్కిన నీళ్లు తేలికై పైకి లేచి రేడియేటర్ పై ట్యాంకులోకి పోతాయి, చల్లబడి కింద నుంచి ఇంజన్‌లోకి వస్తాయి. నీటిమట్టం పై పైపు కంటే దిగితే ఆ తిరుగుడు ఆగిపోతుంది, అందుకని ఈ బండికి కొంచెం నీళ్లు తగ్గినా ఫరవాలేదులే అనుకోకూడదు. వేడెక్కాక ఆయన చెయ్యి పై పైపు మీద ఒకసారి, కింద పైపు మీద ఒకసారి పెట్టించా. "ఊఁ" అన్నారు, అంతే, ఒప్పుకున్నట్టో కాదో ఇప్పటికీ తెలీదు.

అపోహ: తళతళలాడే పెయింట్ వేస్తే విలువ పెరుగుతుంది.

ఒరిజినల్ పెయింట్, డీకాల్స్ (కంపెనీ అంటించిన పేర్లు, గుర్తులు) సగమన్నా మిగిలి ఉంటే ముట్టుకోకండి, కడిగి ఆయిల్ రాసి వదిలేయండి, ఆసక్తి ఉన్నవాళ్లు దానికే ఎక్కువిస్తారు. వేయాల్సివస్తే రంగు కనుక్కుని వేయండి. ఇంటర్నేషనల్ వాళ్లు 1936 నవంబర్‌లో బూడిదరంగు నుంచి ఎరుపుకి మారారు, కాబట్టి 1935 ఓ-12ని ఎర్రగా మెరిపించి షోకి తెస్తే పెద్దాయనలు దూరం నుంచే నవ్వుకుంటారు.

పెయింట్ కంటే ముందు ఇంకో సంగతి, ఇది సరదాది కాదు. అప్పటి ఆపిల్ తోటల్లో పురుగుకి లెడ్ ఆర్సెనేట్ కొట్టేవాళ్లు, అంటే సీసం, ఆర్సెనిక్ రెండూ. యుద్ధం తర్వాత డీడీటీ వచ్చేదాకా అదే మందు. స్ప్రేయర్ లాగిన ట్రాక్టర్ మడ్‌గార్డు లోపల పేరుకున్న ఆ తెల్లటి మట్టిలో అది ఉండొచ్చు, పైగా పాత పెయింట్‌లో సీసం ఎలాగూ ఉంటుంది. పొడిగా గీకడం, ఇసక కొట్టడం వద్దు. తడిపి గీకండి, సన్నటి దుమ్ము కూడా ఆపే పీ100 మాస్క్ పెట్టుకోండి, గీకిన ముద్ద విడిగా సంచిలో వేయండి, ఆ నీళ్లు కూరగాయల మడి వైపు పారనివ్వకండి, ఆ బట్టలతో ఇంట్లోకెళ్లి పిల్లల్ని ఎత్తుకోకండి.

అపోహ: ఇవన్నీ కొట్టాల్లో దుప్పటి కప్పుకుని దొరుకుతాయి.

సినిమాల్లో. నాకు దొరికేవి ప్యాకింగ్ షెడ్డు వెనక కలుపులో, యూకలిప్టస్ వరస కింద, బోరు పంపు పక్కన. నారింజకి లిండ్సే, పోర్టర్‌విల్, ఎక్సెటర్ వైపు, పీచ్‌లకి రీడ్లీ వైపు, ఆపిల్‌కైతే యాకిమా, వెనాచీ వెళ్లాలి. తోట పీకించి కొత్త మొక్కలు వేస్తున్నారంటే అప్పుడు అడగండి, పెద్దాయన పోయాక జరిగే ఎస్టేట్ వేలాలు చూడండి, టులేరీలో ఏప్రిల్‌లో జరిగే యాంటీక్ ఫార్మ్ షోలో నలుగురితో మాట్లాడితే ఆన్‌లైన్‌లో రానివి తెలుస్తాయి. కొంచెం కొత్తవి, అంటే డీజిల్ ఎంఎఫ్ 135 ఆర్చర్డ్‌ల లాంటివాటికి ఇక్కడ ఇంకో గండం ఉంది, గాలి కాలుష్యం తగ్గించే కాలిఫోర్నియా ప్రభుత్వ స్కీము కార్ల్ మోయర్‌లో కొత్త ట్రాక్టర్‌కి డబ్బు కావాలంటే పాత డీజిల్ బండి ఇంజన్ బ్లాక్‌కి బొక్క కొట్టి పాడుచేయాల్సిందే. గాలికి మంచిదే, కాదనను, నాకు మాత్రం కడుపు మండుద్ది. రైతు అప్లై చేసి సంతకం పెట్టేశాక మీరెంత ఇస్తానన్నా ఆ బండి రాదు, ముందే అడగాలి.

కారుకున్నట్టు టైటిల్ (ఓనరెవరో చెప్పే ప్రభుత్వ కాగితం) మామూలుగా ఉండదు కాబట్టి సీరియల్ నంబర్ వేసి బిల్ ఆఫ్ సేల్ రాయించుకోండి. టైర్లలో బరువుకి కాల్షియం క్లోరైడ్ నీళ్లు నింపి ఉంటే వాల్వ్ చుట్టూ రిమ్ తినేసి ఉంటుంది, ట్రైలర్ ఎక్కించేముందే చూసుకోండి, లేకపోతే దారిలో టైరు దిగిపోయి ఫ్రీవే పక్కన ఉప్పునీళ్లలో నిలబడాల్సొస్తుంది.